వంతెన కింద బరువు

కూర్చో ముందు, మనవడా. ఫోన్లో ఆ పాటలు ఆపి, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో నవ్వబాక.

మా మామకి, అంటే మా ఆయన నాయనకి, పడవ ఉండేది. కాలవలో సరుగుడు కట్టెలు వేసుకొని సూళ్లూరుపేట పక్కకి పోయేవాళ్ళం. కట్టెలుంటే పడవ నీళ్ళలోకి దిగి ఉంటది, వంతెన కింద సులువుగా దూరతది. చిక్కంతా ఖాళీగా తిరిగొచ్చేటప్పుడే. పడవ పైకి తేలతది, సముద్రం పోటుకి కాలవ నీళ్ళు కూడా ఎక్కుతాయి. మా దోవలో ఒక వంతెన మరీ కిందికి ఉండేది. రెండు పక్కలా జానెడు సందు, అంతే. అందుకని అక్కడ మనుషుల్నే బరువుగా ఎక్కించి, వెల్లకిలా పడుకోబెట్టి, వంతెన అడుగుకి చేతులు ఆనించి నెట్టించేవాళ్ళు.

మా తోడికోడలు, అంటే మా మరిది పెళ్ళాం, లావు మనిషి. ఆ రోజు కాలవ మంచి పోటు మీదుంది. "పోటు తగ్గి నీళ్ళు తీసిందాకా ఆగుదాం" అన్నాడు మామ. నాకేమో ఇల్లు చేరాలని తొందర.

"ఎందుకు మామా ఆగేది? మన బస్తాని ఎక్కిస్తే పడవ దానంతటదే దిగతది" అన్నా.

అందరూ పడీపడీ నవ్వినారు. ఆమె కూడా నవ్వతానే ఎక్కింది. ఇంకో ఇద్దరు మొగోళ్ళు ఎక్కినారు. మామ గట్టు మీద తాడు పట్టుకున్నాడు. కొత్త చీర తడుస్తదని నేనూ గట్టు మీదనే ఉండిపోయినా.

సగం దూరి పడవ ఆగింది. తాడు లాగుదామని మొగోళ్ళిద్దరూ దూకేసినారు. బరువు తగ్గేసరికి పడవ లేచింది. పడవ అంచు పట్టుకొనున్న ఆమె కుడిచెయ్యి వంతెన రాయి కింద ఇరుక్కుంది.

"ఎక్కండ్రా, ఎక్కండి!" అని మామ అరిచినాడు. వాళ్ళు మళ్ళా ఎక్కినారు. ఈలోగా నీళ్ళు ఇంకా ఎక్కినాయి, ఆ బరువు చాల్లా.

"అక్కా, నువ్వు కూడా ఎక్కక్కా! నా చెయ్యి పోతాంది!"

"పుల్లలాంటి దాన్ని, నేనెక్కితే ఏం దిగతదే? నీ బరువుకే దిగలా" అన్నా.

మామ నా జడ పట్టుకొని ఈడ్చి, వంతెన బయటున్న వెనక కొస మీంచి పడవలోకి తోసినాడు. పడవ వేలెడు దిగింది. ఆ వేలెడే కావాల్సింది. చెయ్యి బయటికొచ్చింది గానీ రెండు వేళ్ళు నుజ్జు. ఆస్పత్రిలో తీసేసినారు.

మోపు కట్టలేని చెయ్యి మాకెందుకని మా అత్త ఆమెను పుట్టింటికి తోలేసింది. నేను వాకిట్లో నిలబడి చూసినా.

మొన్న తడ ఊళ్ళో పెళ్ళికి పోతే కనపడింది. ఎండిపోయి ఉంది మనిషి. పక్కన కూర్చొని, "అక్కా, ఆ పొద్దు ఎందుకెక్కలా?" అంది.

"భయమేసిందమ్మా" అన్నా.

"నేనూ అదే అనుకున్నా. పాపం, నీకు ఈత రాదు గదా" అంటా నా చెయ్యి నిమిరింది.

రాసుకో. భయం గాదు. ఆమె అట్టా అరస్తా ఉంటే నాకు లోపల హాయిగా—

"అత్తా! అన్నం ఆరిపోతాంది, రా!"

ఆ, వస్తన్నా కోడలా.