రాడ్డుకు రెండో కొస

గల్ఫ్ దేశపు అల్ అమెరాత్‌లో ఎండలు ముదిరాక మిట్టమధ్యాహ్నం సైట్ ఆగుతుంది. కొత్తగా పోసిన స్లాబు కింద నీడలో అందరూ అట్టముక్కలు పరుచుకుని పడుకుంటారు. ఓంకార్ మాత్రం గోడకు ఆనుకుని ఫోన్‌లో బ్లాగు రాసుకుంటాడు.

అతనికి వేరే వేళ లేదు. తెల్లవారకముందే బస్సు. డ్యూటీ నుంచి రూముకు చేరాక వండడం, తినడం, పడిపోవడం. శుక్రవారం బట్టలకూ ఇంటి ఫోన్లకూ సరిపోతుంది. వేసవి పోతే ఈ విరామమూ పోతుంది.

మొదట్లో ఎడారి మీద, వెన్నెల మీద రాశాడు. ఎవరూ చదవలేదు. తర్వాత, పనిలో తన జోడీ పోచన్న రూములో పొయ్యి ముందు నిలబడే నిద్రపోతే టమాటా కూర మాడిన సంగతి రాశాడు. అది రూములన్నీ తిరిగింది. ఊళ్లో పోచన్న భార్య చిన్నవ్వ కూడా చదివించుకుని నవ్వింది. అక్కడికి దగ్గర్లోనే ఉన్న దార్సైట్ నుంచి సింధూజ అనే ఆవిడ బ్లాగు కింద రాసింది: "ఎడారి అందరికీ కనిపిస్తుంది. మీ రూము మీకే కనిపిస్తుంది. అది రాయండి."

ఆ మాట అతన్ని వదల్లేదు. నిద్ర మానుకుని రాశాడు.

పొడుగు ఇనుప రాడ్డును ఇద్దరూ చెరో కొస భుజాన పెట్టుకుని మోస్తారు. ముందు పోచన్న, వెనక ఓంకార్. ముందువాడికి వెనకవాడు కనిపించడు. అందుకని దించేటప్పుడు "ఏస్తున్న" అంటాడు. "ఏయ్" అని జవాబొచ్చాకే ఇద్దరూ వదలాలి.

నిన్న సాయంత్రం పోచన్న ఇంకా ఏమీ అనకముందే వెనక కొస ఓంకార్ భుజం మీంచి జారిపోయింది. రాడ్డు ఊగి పోచన్న మెడ పక్కన కొట్టింది.

పోచన్న మెడ పట్టుకుని వెనక్కి తిరిగాడు. "నిద్ర పోతున్నవా, రాస్తున్నవా?"

ఓంకార్ వంగి, జారిన కొస మళ్లీ ఎత్తుకున్నాడు. రెండూ నిజమే.

ఈరోజు విరామంలో ఫోన్ తెరిచాడు. నిన్నటి దెబ్బ మీద వాక్యాలు సిద్ధంగా ఉన్నాయి. ఇంతవరకు రాసినవాటికంటే ఇది బాగుంటుందని అతనికి తెలుసు. పక్కన పోచన్న మెడకు తడి తువ్వాలు చుట్టుకుని పడుకున్నాడు.

"నాదేనా?" అన్నాడు కళ్లు తెరవకుండా.

"ఆ."

"మంచిగ అస్తుందా?"

"అస్తుందన్నా."

"రాయి మరి. చిన్నవ్వ ఈసారి నవ్వది గని, రాయి. బ్రేక్ అయినంక మాత్రం నువ్వు ముందు నడువు తమ్మీ. నేను ఎనక ఉంట, నువ్వు నా కండ్ల ముంగట ఉండాలె."

అంతే అని అటు తిరిగాడు.

ఓంకార్ ఒక్క అక్షరం కొట్టకుండానే తెర ఆపేశాడు. ఫోన్‌ను విప్పిన బూటులో పెట్టి, అట్టముక్క మీద ఒరిగాడు. వాక్యాలు ఒక్కొక్కటే వచ్చాయి. రాసుకునేవాడు లేక ఒక్కొక్కటే పోయాయి.

విజిల్ అతనికి వినిపించలేదు. పోచన్న కాలితో తట్టి లేపాడు. ఇద్దరూ రాడ్ల దగ్గరికి నడిచారు. పోచన్న చెప్పినట్టే ఓంకార్ ముందు కొసకు వెళ్లి వంగాడు.

పోచన్న నిద్రతో ఉబ్బిన అతని ముఖం చూశాడు.

"జరుగు" అని, ముందు కొస తనే ఎత్తుకున్నాడు.