పొయ్యిలో పెట్టిన కంటి కాగితాలు

మంజులతకు కండ్ల జబ్బే లేదని, బజార్లు తిరగడానికే ఆరునెలలకోసారి నల్గొండ బస్సెక్కుతుందని రామన్నపేటలో ఒక మాట లేచింది. కూరగాయలమ్మే బిక్షమ్మ దానికి సాక్ష్యం కూడా చెప్పేది. "కంట్ల ప్రెషర్ మంచిగనే ఉందని డాక్టరే అన్నడంట. ఇంక రోగమేడికెళ్లి వచ్చె?"

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా కుట్టుమిషన్ మీద మంజులత కాలు ఆగిపోయేది. ఎంతమందికని చెప్తుంది? ఏడో తరగతిలోనే సోడాబుడ్డి అద్దాలు పడ్డాయి. ఇప్పుడు మైనస్ పదమూడు. ఇంత పవరున్న కన్ను సాగిపోయి, లోపలి నరం ఎప్పుడూ వంకరగానే కనిపిస్తుందట. అది పాత వంకరో, నీటికాసుల జబ్బు (గ్లకోమా) తినేస్తున్న నరమో ఒక్క చూపులో తేలదు. ప్రెషర్ బాగున్నా నమ్మడానికి లేదు. పాత పరీక్ష పక్కన కొత్తది పెట్టి చూడాల్సిందే.

ఈసారి బయలుదేరబోతే బీరువా మీద కాగితాల సంచి లేదు.

"అత్తమ్మా, నా దవాఖాన కాయితాలేవి?"

"సున్నాలేసినప్పుడు పొయ్యిల పెట్టిన," అంది సైదమ్మ, బియ్యం చెరుగుతూనే. "రోగం కాయితాలు ఇంట్లుంటే రోగం గూడ ఇంట్లనే ఉంటది."

"నాలుగేండ్లవి, అత్తమ్మా!"

"మళ్ల తీస్తరు తియ్యే. ఫోటోలే గదా!"

నాలుగేళ్ల కిందటి కన్నును ఇప్పుడెట్లా ఫోటో తీస్తారు? అడగబోయి, మంజులత చెప్పులేసుకుని బయటపడింది.

దవాఖానలో డాక్టర్ తల పట్టుకున్నాడు. "ముందటివి లేకుంటే చూపుల నల్లమచ్చ పెరిగిందో లేదో నేనెట్ల చెప్పాలమ్మా?"

పరీక్షలు చేసే అల్మాస్ కంప్యూటర్లో వెతికింది. మిషన్ మార్చినప్పుడు చాలా పోయాయట. మంజులత పేరు మీద ఏమీ లేదు.

"మొదటిసారి ఏ ఫోన్ నంబరిచ్చినవక్కా?"

అప్పుడు తనకు ఫోనెక్కడిది? పళ్లు కొరుక్కుంటూ మంజులత అత్తమ్మ నంబరే చెప్పింది. ఒక్కటి దొరికింది, మొట్టమొదటి పరీక్ష.

తర్వాత కొత్త పరీక్ష. మంజులత గిన్నెలాంటి మిషన్‌కు గడ్డం ఆనించి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కింది.

"చుక్కను దేవులాడకక్కా, నడుమనే చూడు. కనవడకుంటే నొక్కకు. గిది మార్కుల పరీక్ష గాదు," అంది అల్మాస్.

కొత్త కాగితాన్ని పాతదాని పక్కన పెట్టి డాక్టర్ చాలాసేపు చూశాడు. కంట్లో వేసుకునే చుక్కల మందు రాసి, ఒక్కరోజు కూడా ఆపొద్దన్నాడు.

ప్రెషర్ ఆ రోజు కూడా బాగానే ఉంది. కుడికంటి చూపులో ముక్కువైపు నల్లమచ్చ నాలుగేళ్లలో రెండింతలైంది.