బూడిద పోగు, తెల్ల పోగు

మా ఉస్తాద్ పోయారు. మొన్న పొద్దున రామన్నపేట నుంచి ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. చాయ్ గ్లాసు కింద పెట్టాను. కాసేపటికి మళ్లీ తీసుకుని తాగేశాను. అంత సిగ్గులేని మనిషిని.

ఫైబర్ కేబుల్ అతికే పని నాకు నేర్పింది ఆయనే. ఇవాళ నేను తినే అన్నం ఆయన పెట్టిందే. మగ్గం మానేసి ఈ పనిలోకి వచ్చిన మనిషి. మొదటి రోజు కేబుల్ ముక్క కోసి పొర పొర విప్పి చూపించారు. పైన నల్ల తొడుగు, ఎలుకలు కొరకకుండా ఇనుప రేకు, దాని కింద పసుపు దారాలు, నడుమ గట్టి కడ్డీ, దాని చుట్టూ జెల్లీ నింపిన సన్న గొట్టాలు. ఒక్కో గొట్టంలో వెంట్రుకల్లాంటి గాజు పోగులు పన్నెండు, పన్నెండు రంగుల్లో. ఇది నేలలో పరిచేదట. స్తంభాల మీద వేసే దానికి బరువు మోసే తీగ వేరే ఉంటుందట. చెబుతూనే పసుపు దారాలను వేళ్ల మధ్య నలిపి చూసుకుంటున్నారు.

"లాగుడంత గీ దారం మీదనే పడాలె తమ్మీ. గాజు మీద పడ్డదా, పని ఖరాబే."

పని అయ్యాక గాజు తునక ఒక్కటి నేల మీద మిగలనిచ్చేవారు కాదు. మేకలు తిరిగే జాగా అని తిట్టి మరీ నాతో ఏరించేవారు.

భువనగిరి వైపు ఒక లైనులో నాలుగు అతుకులు వేశాం. మూడు ఆయనవి, ఒకటి నాది. పరీక్షలో బూడిద, తెల్ల పోగులు తారుమారయ్యాయని తేలింది, ఏ అతుకులోనో తేలలేదు. లైను చివర ఆ రెండింటినీ అటుదిటు మార్చి కలిపి సర్దేశాం. ఎవరి తప్పని కాంట్రాక్టర్ అడిగాడు.

"ఉస్తాద్‌కు కండ్లు సరిగ కానొస్తలేవు సార్. మొన్న ఒక పోగు చూపెట్టి, బూడిదనా తెలుపా అని నన్నే అడిగిండు," అన్నాను.

అడిగిన మాట నిజమే. ఆ రోజు మబ్బు పట్టి ఉందన్న సంగతి మాత్రం నేను చెప్పలేదు. ఆయన్ను పనిలోంచి తీసేశారు.

వానాకాలంలో నా అతుకును మూసి ఉంచిన డబ్బాలోకి నీళ్లు పోయాయంటే వెళ్లి తెరిచాను. బూడిద పోగు తెల్లదానికి, తెల్లది బూడిదదానికి అతికి ఉన్నాయి. నా చేతి పనే. నీళ్లు తుడిచి, అలాగే మూసేశాను.

ఆ వారమే ఆయన ఫోన్ చేశారు. "డబ్బలు తెరిచిన్రట గద తమ్మీ. తప్పు దేంట్ల దొరికింది?"

"నీ దాంట్లనే, ఉస్తాద్."

"అయితే నన్ను తీసేసుడే మంచిగైంది," అన్నారు.

నిన్న వాళ్లింటికి పోయాను. ఆయన భార్య నా చేయి పట్టుకుంది.

"కండ్లు మంచిగున్నయని డాక్టర్ చెప్పినా నమ్మలే బిడ్డా. నేను కట్టిన చీర ఏం రంగని గూడ నన్నే అడిగెటోడు."

నిజం అక్కడే చెప్పాల్సింది. చేయి విడిపించుకుని వచ్చేశాను. మీ ముందు చెబుతున్నాను, తప్పు నాది. కళ్లు మూస్తే ఆయనే కనబడుతున్నారు: గుమ్మం వెలుతురులో భార్య కొంగు పట్టుకుని, ఆకుపచ్చను ఆకుపచ్చగానే చూస్తూ, ఇది ఏం రంగని అడుగుతూ.