ఒక్క చెట్టూ కొట్టలేదు

మక్తల్‌లో మా వెనక గల్లీలో ఉండే హనీఫాకు చదువు రాదు. అయినా ఆమె అచ్చు పడనిదే అమరేందర్ షెడ్డులోంచి ఒక్క బొగ్గు సంచి కూడా బయటికి పోయేది కాదు. పల్లీ పొట్టును కాల్చి, పొడి చేసి, గంజితో ముద్దలు కట్టి ఎండబెట్టిన బొగ్గు అది. సంచి మీద నీలి రంగులో రెండు వరసలు: 'పల్లీ పొట్టు బొగ్గు. ఒక్క చెట్టూ కొట్టలేదు.' పట్నంలో ఆ రెండో వరస చూసే కొనేవారట. ఆ మాటలను చెక్క మీద చెక్కింది ఆమె భర్త తాజుద్దీన్.

తొంభైల మొదట్లో ఒక యేడు వానలు పడలేదు. పల్లీ చేలు ఎండిపోయాయి, పొట్టు దొరకలేదు. షెడ్డు వెనక కట్టె బొగ్గు బస్తాలు దిగాయి. దాన్ని దంచి, మిగిలిన కాస్త పొట్టు పొడిలో కలిపారు. హనీఫా చూసింది. చూసి కూడా నెల రోజులు అదే అచ్చు వేసింది. తాజుద్దీన్ అప్పటికే మంచం పట్టాడు. ఊపిరి అందక కూర్చునే కునుకు తీసేవాడు. ఆమె కూలి ఆగితే అతని మందు ఆగుతుంది.

ఒక పొద్దున గోపమ్మ కుంపటి ఎత్తుకొని షెడ్డుకే వచ్చింది. ఎడ్ల గడ్డి కోసం గట్టు మీది తుమ్మచెట్టును అమ్ముకున్న మనిషి ఆమె.

"ఓ అనిఫా, గీ నిప్పు చూడు. పొట్టు బొగ్గు ఎన్నడన్న గిట్ల చిటపటమన్నదా?"

హనీఫా కుంపటి మీదికి వంగి చూసింది.

"మా మామ పెట్టిన తుమ్మ. మీ సేటు బట్టీకే పోయింది. కొట్టించింది నేనే, గా పాపం నాదే. మరి కొట్టనే లేదని సంచి మీద రాసుడేందే? నా మనుమరాలు సదివి ఒకటే నవ్వుడు."

షెడ్డులో ఆడవాళ్లూ నవ్వారు. హనీఫా అచ్చు కింద పెట్టి అమరేందర్ దగ్గరికి పోయింది.

"సేటూ, సగం పొట్టు, సగం కట్టె అని ఏద్దాం. మా ఆయన కొత్తగ చెక్కి ఇస్తడు."

"హరిశ్చంద్రుని దుకాణం పెట్టిన్నా నేను? సంచులు వాపసొస్తే షెడ్డు బందయితది. గీ పదిమందికి నువ్వు బువ్వ పెడ్తవా?"

ఆమె అచ్చును కొంగు చాటున ఇంటికి తెచ్చింది. సంగతి విన్న తాజుద్దీన్ ఉలి అడిగాడు. ఉలి జారకుండా ఆమె అతని మణికట్టు పట్టుకుంది. మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతూ అచ్చు మీది ఒక్కో అక్షరాన్నీ చెక్కి తీసేశాడు. చివరికి ఒక్క మాట మిగిలింది: 'బొగ్గు'.

మర్నాడు ఆమె నలభై సంచుల మీద ఆ ఒక్క మాటే వేసింది. అమరేందర్ అరవలేదు. "రేపటి సంది రాకు" అన్నాడు. పక్కన ముద్దలు కట్టే సాలమ్మ తల ఎత్తకుండానే, "నీకొక్కదానికే ఉన్నడా అల్లా? మా పొయ్యిలార్పుతవా?" అంది.

వారానికి పట్నం నుంచి కొత్త సంచులొచ్చాయి. పచ్చని ఆకు బొమ్మ, కింద ఆ పాత రెండు వరసలే, మెరిసే అక్షరాల్లో. అప్పటికి తాజుద్దీన్ గోలీలు అయిపోయి మూడు రోజులు. హనీఫా ఊరంతా పని అడిగింది. కరువులో ఎవరింట్లో పనుంది? పదో రోజు మళ్లీ షెడ్డు ముందు నిలబడింది.

"అచ్చు పని లేదు. కట్టె బొగ్గు దంచుతవా?" అన్నాడు అమరేందర్.

ఆమె కొంగు ముక్కుకు కట్టుకొని రోలు ముందు కూర్చుంది. కొన్ని బొగ్గులకు తుమ్మ బెరడు ఇంకా అంటుకునే ఉంది.

సాయంత్రం మందు తెచ్చింది. యాడ దొరికింది పని, అని తాజుద్దీన్ అడిగాడు. ఆమె గోలీ చేతిలో పెట్టింది. అతడు ఆమె గోళ్ల సందుల్లోని నలుపు చూశాడు. ఇక ఏమీ అడగకుండా మింగాడు.