ఇంట్లోకే కదా

వీధిలో అందరూ ఆమెని కత్తెరక్క అంటారు. చేతిలో ఉన్న కత్తెరని చూసి అంటారా, నోటి పదును చూసి అంటారా అని అడిగితే ఎవరూ తిన్నగా సమాధానం చెప్పరు. ఆమె ఎదురుగా ఉంటే అసలే చెప్పరు.

ఇంటి ముందుగదే ఆమె దుకాణం. కిటికీ దగ్గర కుట్టుమెషిను, గోడవారగా కటింగు బల్ల, బల్ల మీద ఎప్పుడో ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ, మేకులకి చీటీలు కట్టిన సంచులు. అటక మీద ముప్ఫై ఏళ్ళ కొలతల పుస్తకాలున్నాయి. పేజీకో మనిషి.

పదహారో ఏట ఒక పెద్ద టైలరింగు షాపులో కాజాలు కుట్టడానికి చేరింది. ఆ షాపులో బట్టలు రెండే రకాలు: బయటివి, ఇంట్లోవి. బయటివి చెయ్యి తిరిగిన పనివాళ్ళకి వెళ్ళేవి. ఇంట్లోవి, అంటే అమ్మలు వేసుకునే నైటీలు, కొత్తగా చేరినవాళ్ళ ముందు పడేవి. "చెయ్యి కుదరాలిగా, ముందు నైటీల మీద నేర్చుకోండి" అనేవాడు మాస్టరు. మెడ ఒక పక్కకి జారినా, ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ అయినా, అలాగే మడిచి కవర్లో పెట్టి ఇచ్చేసేవాళ్ళు. కత్తెరక్క కూడా అలా వందల మెడలు పాడుచేసింది. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. చొక్కా బొత్తాం రంగు కాస్త తేడా వచ్చిందని షాపు ముందు నిలబడి కేకలేసిన మగాళ్ళని చూసింది గానీ, వంకర మెడ నైటీ పట్టుకొచ్చి "ఇదేం కుట్టు?" అని అడిగిన అమ్మని ఒక్కర్తిని కూడా చూడలేదు. ఎందుకడగరు వీళ్ళు అని మొదట్లో ఆశ్చర్యపోయేది. పోనుపోను ఆశ్చర్యం పోయి ఒళ్ళు మండడం మొదలైంది.

అందుకే సొంత దుకాణం పెట్టాక ఇంటి బట్టలు ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. తనే కోసింది, తనే కుట్టింది. ఆమె కుట్టిన నైటీకి రెండు పక్కలా జేబులుంటాయి. చేతులు గిన్నెలు తోమే నీళ్ళలో మునగకుండా మోచేతికి కాస్త కిందే ఆగుతాయి. ముందు బొత్తాలుంటాయి. మెడ అంచు చుట్టూ వేరే రంగు పైపింగు ఉంటుంది. గబుక్కున తలుపు తియ్యాల్సొస్తే తువ్వాలు కోసం వెతుక్కోనక్కర్లేదు.

"పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఒంటి మీద ఉండేది ఈ బట్ట. దీని గురించి నిమిషం ఆలోచించేవాడు లేడు. మూడు గంటల విందుకి వేసుకునేదానికి మాత్రం ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చుంటారు" అని కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ మొహం మీదే అనేసేది. కొందరు నవ్వేవారు. కొందరు మరోసారి వచ్చేవారు కాదు. పోతే పోయారు అనుకునేది.

ఆమెకి అస్సలు గిట్టని మాట ఒకటుంది. "ఇంట్లోకే కదా." ఏ గుడ్డయినా పర్వాలేదు, ఇంట్లోకే కదా. మెల్లిగా కుట్టండి, ఇంట్లోకే కదా. ఆ మాట వింటే చాలు, అరికాలి మంట నెత్తికెక్కేది.

ఒకరోజు పొద్దున్నే వెనక వీధిలో ఉండే గుమస్తా వచ్చాడు. నీళ్ళ సరఫరా ఆఫీసులో పని. గట్టిగా మాట్లాడడు, ఎవరి జోలికీ పోడు, తల్లిని దగ్గరే పెట్టుకున్నాడు. మంచివాడని పేరు. మంచివాళ్ళ మీద కోపం వస్తే ఎలా చూపించాలో తెలీదు, కత్తెరక్కకి అదో చిరాకు.

"అక్కా, అమ్మకి రెండు నైటీలు కావాలి. గుడ్డ ఇదిగో. కర్టెన్లు కుట్టించగా మిగిలింది. ఆదికి పాతది తెచ్చాను."

మనిషి రాలేనప్పుడు ఒంటికి సరిపోయే పాత బట్టొకటి పంపుతారు. దాన్నే ఆది అంటారు. దాన్ని బల్ల మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, ఆ గీత మీద కోసేస్తారు. టేపు ముట్టుకోనక్కర్లేదు.

"కర్టెన్ల గుడ్డా?" అంది కత్తెరక్క.

"మంచి గుడ్డే అక్కా, పూలు కూడా ఉన్నాయి. ఎలాగూ ఇంట్లోకే కదా."

"అవునవును. కిటికీ పక్కన నిలబడితే ఏది కర్టెనో ఏది అమ్మో తెలీకుండా కలిసిపోతారు."

అతను వేళాకోళం అనుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆది నైటీని విదిలించి బల్ల మీద పరిచింది. కుట్టు తనదే. నడుము దగ్గర పైకి మడిచి పిన్నీసులు గుచ్చి గుచ్చి తుప్పు మరకలు పడ్డాయి. వెనక అంచు చెక్కుచెదరలేదు. ముందు అంచు మాత్రం నలిగి, నల్లబడి, ఒకచోట జానెడు మేర చిరిగి ఉంది. కాలి కింద పడితే తప్ప గుడ్డ అలా చిరగదు.

"అమ్మ పడ్డారా?"

అతను తెల్లబోయాడు. "మీకెవరు చెప్పారు? పది రోజులైంది. మేడ మెట్ల మీద. అదృష్టం బాగుండి ఎముకేం విరగలేదు. కాళ్ళలో బలం తగ్గిపోయింది అక్కా. అందుకే మెట్ల దగ్గర గేటుకి తాళం పెట్టేశాం. ఇంక పైకెళ్ళే పనే లేదు. అన్నీ కిందే ఉన్నాయిగా ఆవిడకి!"

"కాళ్ళలో బలం తగ్గిందని డాక్టరు చెప్పాడా?"

"దానికి డాక్టరెందుకు? డెబ్బై రెండేళ్ళొచ్చాయి..."

కత్తెరక్క స్టూలెక్కి అటక మీది పుస్తకాలు దింపింది. గుమస్తా తల్లి పేజీ దొరికింది. పదకొండేళ్ళ కిందటిది. నైటీ పొడుగు యాభై నాలుగు అంగుళాలు. టేపు తీసి బల్ల మీది ఆదిని కొలిచింది. యాభై ఆరు.

ఆమెకి తల తీసేసినట్టయింది. ఆవిడ స్వయంగా వచ్చి కొలతలిచ్చింది ఒక్కసారే. తర్వాత నాలుగుసార్లూ ఆదే వచ్చింది. వచ్చిన ప్రతిసారీ, ఉతికితే గుడ్డ తగ్గుతుందిలే అని, గీసిన గీతకి అర అంగుళం కలిపి కోసింది తను. అలవాటు. గుడ్డ తగ్గలేదు. ఈసారి కుట్టిందే వచ్చేసారికి ఆది అయి కూర్చుంది. అర అంగుళం చొప్పున బట్ట పెరుగుతూ పోయింది, లోపల మనిషి వయసుతో తరుగుతూ పోయింది. ప్రపంచంలో అందరినీ కడిగేసే కత్తెరక్క, ఒక్కసారైనా ఆవిణ్ణి తీసుకురండి అనలేదు. ఎందుకనలేదు? ఇంట్లోకే కదా అనుకుంది. నోటితో అనలేదు, అంతే తేడా.

"ఈ గుడ్డ మీరు తీసుకెళ్ళండి. సాయంత్రం నేనే వచ్చి అమ్మని కొలుస్తాను."

"మీకెందుకక్కా శ్రమ? ఆది ఉందిగా!"

"ఆది ఉంది తమ్ముడూ. ఇందులో అమ్మ ఎక్కడుంది?"

సాయంత్రం ఐదు కావస్తుండగా వెళ్ళింది. తల్లి వెనక గదిలో మంచం మీద కూర్చుని ఉంది. కత్తెరక్కని చూసి, వదులై జారుతున్న మెడ కనబడకుండా గబగబా భుజాల మీద తువ్వాలు కప్పుకుంది. పాతికేళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసిన మనిషి. ఒకప్పుడు ఊరు ఊరంతా ఆమె గొంతు విన్నాకే మాట్లాడుకునేది. ఇప్పుడు తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి తువ్వాలు వెతుక్కుంటోంది.

"నువ్వా అమ్మాయ్, కూర్చో" అంది, గడియారం వైపు చూస్తూ.

అంతలో స్నానాలగదిలోంచి టంగ్ టంగ్ మని రెండు దెబ్బలు వినిపించాయి. కత్తెరక్క అదిరిపడింది.

"ఏం లేదు. ఫోను మోగుతోంది" అని పెద్దావిడ నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

సంగతి అప్పుడు చెప్పింది. ఎక్స్ఛేంజీలో పక్క కుర్చీలో కూర్చున్న స్నేహితురాలే ఇప్పుడు వెనక ఇంట్లో ఉంటోంది. రెండిళ్ళకీ మేడలు ఆనుకుని ఉంటాయి గానీ, వీధి గుమ్మాలు చెరో వీధిలో. ఇద్దరికీ అంత దూరం చుట్టి వచ్చే ఓపిక లేదు. రోజూ ఐదింటికి పిట్టగోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి గంటసేపు మాట్లాడుకుంటారు. ముందొచ్చినావిడ అవతలివాళ్ళ ట్యాంకు పైపు మీద కర్రతో కొడుతుంది, ఆ చప్పుడు కింద స్నానాలగదిలో మోగుతుంది. పన్నెండేళ్ళుగా ఇదే వరస. పది రోజులుగా పైపు మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు.

"అబ్బాయికి చెప్పలేదా?"

"చెప్పాను. ఫోను కొనిస్తానన్నాడు. ఫోన్లలో పాతికేళ్ళు మాట్లాడాం, మొహాలు చూసుకునే ముచ్చట ఇప్పుడేగా తీరేది!"

"అసలెలా పడ్డారు?"

"మామూలుగా ఒక చేత్తో నైటీ ఎత్తి పట్టుకుని ఎక్కేదాన్ని. ఆ రోజు రెండు చేతులా బట్టల బకెట్టు ఉంది. కాలి కింద పడింది."

"మరి ఆ మాటే చెప్పచ్చుగా! కాళ్ళు బాగానే ఉన్నాయి, నైటీ పొడుగైంది అని!" కత్తెరక్క గొంతు లేచింది.

"ఏం చెప్పనే? దీనికోసం కొడుకుతో పేచీ పెట్టుకోనా? ఇంట్లోకే కదా అని సరిపెట్టుకున్నాను."

మళ్ళీ ఆ మాటే. కొడుకంటే దులిపేసేది, కోడలంటే కడిగేసేది. ఆ బట్ట కట్టుకున్న మనిషే అంటే ఏం చెయ్యాలి? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదది, ఒట్టి కోపం.

"తప్పు నాది పెద్దమ్మా" అని అర అంగుళం సంగతంతా చెప్పేసింది. పెద్దావిడ విని, "నువ్వొక్కదానివే కాదులే" అంది. లేచి నిలబడి తువ్వాలు మంచం మీద పడేసింది. "ఊఁ, కొలుచుకో."

భుజం, చంక, చేతి పొడుగు, మెడ. పైనించి చీలమండ దాకా యాభై రెండు. నాలుగు అంగుళాల తేడా. రాస్తుంటే పెన్సిలు మొన విరిగింది.

"రంగు ఏం వెయ్యమంటారు?"

ఆ ప్రశ్న తనని కాదన్నట్టు పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది. తర్వాత నెమ్మదిగా, "వంకాయ రంగు ఉంటుందా?" అంది. ఇంకాసేపటికి, "కాలరు పెట్టగలవా? ఎక్స్ఛేంజీలో మా యూనిఫారానికి కాలరుండేది. అది ఉంటే మెడ దానంతటదే నిటారుగా నిలబడేది. నవ్వకు."

"నవ్వడమా? నేనా?" అంది కత్తెరక్క.

ఇంటికి వెళ్ళగానే అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి గోడకి తగిలించింది: ఇంటి బట్టలకి ఆది తీసుకోం. మనిషిని తీసుకురండి. రాలేకపోతే మేమే వస్తాం.

నాలుగో రోజు ఆఫీసులకి సెలవు. సాయంత్రం కొత్త నైటీ, ఆదికిచ్చిన పాతదీ పట్టుకుని తనే వెళ్ళింది. గుమస్తా హాల్లో పేపరు చదువుకుంటున్నాడు. వెనక గదిలోంచి తల్లి కొత్తది వేసుకుని బయటికొచ్చింది. వంకాయ రంగు మెత్తటి నూలు, పసుప్పచ్చ పైపింగు, చిన్న కాలరు, చీలమండలు కనిపించేంత పొడుగు. భుజాల మీద తువ్వాలు లేదు. వచ్చి హాల్లో కుర్చీ లాక్కుని కొడుకు ఎదురుగా కూర్చుంది.

"భలే ఉందమ్మా! ఎక్కడికైనా వెళ్తున్నావా?"

"వెళ్తున్నాను. మేడ మీదికి."

అతని మొహం మారింది. "మళ్ళీ అదే మాటా? పడితే ఎవరు చూస్తారమ్మా?"

కత్తెరక్క ఇంక ఆగలేకపోయింది. పాత నైటీని నేల మీద పరిచి, పక్కన టేపు పడేసింది. "చూడు తమ్ముడూ. అది యాభై ఆరు, మీ అమ్మకి కావాల్సింది యాభై రెండు. ఆవిణ్ణి పడేసింది ఈ నాలుగంగుళాలు, కాళ్ళు కాదు. అందులో రెండంగుళాలు నా పాపం, ఒప్పుకుంటున్నా. మిగతా రెండు మీవి. మనిషి కళ్ళ ముందే తరిగిపోతుంటే, నడుముకి పిన్నీసులు గుచ్చుకుని తిరుగుతుంటే, ఒకే ఇంట్లో ఉండి ఒక్కరూ తేరిపార చూడలేదు. గుడ్డకి శిక్ష వెయ్యాల్సింది పోయి మనిషికి వేశారు. గేటుకి తాళమట తాళం!"

అతను నేల మీది నైటీనే చూస్తూ ఉండిపోయాడు. పిన్నీసుల మరకలు ఇప్పుడే చూస్తున్నట్టు వంగి వేలితో తడిమాడు.

స్నానాలగదిలో పైపు మోగింది. టంగ్ టంగ్.

"తాళంచెవి ఇవ్వరా" అంది తల్లి.

అతను లేచి మేకుకి ఉన్న తాళంచెవి తీశాడు. "పద, నేను తీస్తాను. నీకు ఎప్పుడు వెళ్ళాలనిపిస్తే అప్పుడు చెప్పు, వచ్చి తీస్తాను."

ఆమె చెయ్యి చాపి అలాగే నిలబడింది. దించలేదు. అతను ఆ చేతిని చూసి, కాలరు చూసి, తాళంచెవి అరచేతిలో పెట్టాడు.

ఆమె గేటు తాళం తీసింది. అతను అలవాటుగా మళ్ళీ చెయ్యి చాపాడు, తాళంచెవి మేకుకి తగిలిద్దామని. అప్పటికే ఆమె దాన్ని కుడి జేబులో వేసుకుంది. రెండు చేతులూ ఊపుకుంటూ మెట్లెక్కుతూ, "వస్తున్నానే, పైపు పగలగొట్టకు!" అని పైకి కేకేసింది.