వెంకటేశప్ప గెలిచిన వాదం

సినిమాల విషయంలో వెంకటేశప్పతో వాదానికి దిగి గెలిచినవాడు సేలం దగ్గరి మా బొమ్మిడిలో లేడు. ఆ మాట ఎవరైనా ఒప్పుకుంటారు. గెలిచి ఏం బావుకున్నాడని మాత్రం పాపక్క దగ్గర అడగకండి. ఆవిడ కట్టుకున్న పెళ్లామే అయినా, ఆ ఊసెత్తితే చేతిలో ఏముంటే అది విసిరేస్తుంది.

మనిషి సేద్యగాడు. వారమంతా చెరకుకు నీళ్లు కట్టడం, కూలీలతో గొంతు చించుకోవడం. ఆదివారం మధ్యాహ్నం కాగానే తెల్లచొక్కా తొడుక్కొని, తువ్వాలు భుజాన వేసుకొని మునిరాజ్ కొట్టు మేడ ఎక్కేవాడు. మునిరాజ్ సీడీలు అద్దెకిచ్చేవాడు. ఇంగ్లీషు చెప్పి రిటైరైన బాలసుందరం సార్ బెంగళూరు నుంచి బ్రిటన్ సినిమాల డిస్కులు తెప్పించేవాడు. ఆయనే మధ్యమధ్య ఆపి, ఎవరు ఏమన్నారో తెలుగులో చెప్పేవాడు. రెండువేల ఆరులో ఆ మేడమీద ఇదే పెద్ద వేడుక.

ఆ సినిమాల్లో ఫైటు లేదు, పాట లేదు. గనో, ఫ్యాక్టరీయో మూతపడుతుంది. వాన కురుస్తూనే ఉంటుంది. జనం టీ తాగుతారు, నవ్వుకుంటారు, కడుపులో మాట కడుపులోనే పెట్టుకుని చచ్చిపోతారు. సగంమంది గురక పెట్టేవాళ్లు. వెంకటేశప్పకు మాత్రం వాటి పిచ్చి పట్టుకుంది.

సినిమా అయ్యాక టీ, టీ అయ్యాక పట్టిమన్రం. పొంగలి పండక్కి తమిళ టీవీలో వస్తుందే, అటో జట్టు ఇటో జట్టు, నడుమ తీర్పరి, అట్లాంటి వాదమే వీళ్లూ పెట్టుకునేవాళ్లు. తీర్పరి బాలసుందరం సారే. ఆయన తీర్పు చెప్పాక ఎవరూ నోరెత్తకూడదని కట్టడి.

ఆ వారం చూసిన కథలో గని మూతపడి ఉద్యోగం పోయిన తండ్రి ఉన్నాడు. తనకు నచ్చనివాణ్ణి పెళ్లాడిన కూతురు దూరదేశం పోతూ ఉంటే స్టేషనుకు వస్తాడు. ఒక్క మాటా అనడు. ఆమె కోటుకు ఊడిన బొత్తాం పెట్టి, వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు. అంతే, సినిమా అయిపోయింది. వెంకటేశప్ప తువ్వాలు ముఖాన కప్పుకొని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఎందుకేడ్చాడో మేడమీద అందరికీ తెలుసు. కూతురు మోహనప్రియ తమ పొలంలో కలుపు తీసే కుప్పాయి కొడుకు తమిళరసన్‌ను పెళ్లాడి సేలం వెళ్లిపోయింది. రెండేళ్లుగా ఈయన ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడాలని ప్రాణం కొట్టుకుంటోంది, నోరు రాదు. ఇంత లావు మనిషికి అంత చిన్న మాటే కొండంత బరువు!

ఆ పొద్దు వాదం, చెప్పని ప్రేమ గొప్పదా, చెప్పిన ప్రేమ గొప్పదా అని.

"నోరు ఉండేది ఎందుకప్పా?" అన్నాడు మునిరాజ్. "బిడ్డ దేశం ఇడిసి పోతా ఉంది. బాగుండు తల్లీ అంటే ఆ దొర సొమ్మేం పోయింది? ఇదేం సినిమా, కడుపు మండిపోతాది!"

వెంకటేశప్ప లేచాడు. "చెప్తే ఏముంది రా? మాట గాలికి పోతాది. ఆ బొత్తాం పెట్టినాడే, అది సచ్చేదాకా ఆ బిడ్డ గుండెలో ఉంటాది. మన సినిమాల్లో మాదిరి మైకు పెట్టి ఏడస్తేనే ప్రేమా? పెద్ద మనసు ఉండేవాడు నోటితో చెప్పడు, చేతితో చెప్తాడు!"

చప్పట్లు. గురక పెట్టినవాళ్లు కూడా లేచి కొట్టారు. బాలసుందరం సార్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు, కాస్త తటపటాయించాడు, చివరికి వెంకటేశప్పే గెలిచాడని తీర్పు చెప్పాడు. ఈయన మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

మరుసటి వారమే కబురు. తమిళరసన్‌కు సూరత్‌లో మిల్లు పని దొరికింది, మొగుడూ పెళ్లాలు మద్రాసు మీదుగా వెళ్లిపోతున్నారు. పగటి బండి బొమ్మిడిలో ఆగుతుంది, నాయన్ను ఒక్కసారి చూడాలని మోహనప్రియ అమ్మకు ఫోను చేసింది.

పాపక్క మోకాళ్ల నొప్పితో మంచం దిగలేని స్థితి. మొగుడి చెయ్యి పట్టుకొని బతిమాలింది. "బాగుండావా అని ఒక్క మాట అడుగు సామీ. పెద్ద పెద్ద మాటలేం వద్దు. ఆ ఒక్కటి అడిగి వచ్చేయి."

"నాకు తెలవదా?" అన్నాడు. తెలుసుననే అనుకున్నాడు, పాపం.

స్టేషనులో సన్నగా జల్లు పడుతోంది. బండి వచ్చింది. కిటికీ ఊచల వెనక కూతురు. చిక్కిపోయింది. "నాయనా" అంది. పక్కన తమిళరసన్ లేచి నిలబడ్డాడు. వెంకటేశప్ప దగ్గరకు వెళ్లాడు. గొంతు దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. అప్పుడే జల్లు గాలికి లోపలికి కొట్టి, పిల్ల చెంప తడిసింది. ఆయనకు బొత్తాం గుర్తొచ్చింది. ఒళ్లు పులకరించింది. ఊచల్లోంచి రెండు చేతులూ పెట్టి, షట్టరు గడియలు నొక్కాడు. ఇనుప షట్టరు దబ్బుమని దిగిపోయింది.

తడవకుండా చేశాడు. చేతితో చెప్పాడు. ఇంక మిగిలిందేముంది? తువ్వాలుతో కళ్లు ఒత్తుకొని, వెనక్కి తిరిగి చూడకుండా, ఆ సినిమా తండ్రి నడిచినట్టే నడిచి వచ్చేశాడు. రెండేళ్లలో అంత తృప్తిగా ఆయన అన్నం తిన్నది ఆ రోజే.

సూరత్ నుంచి ఫోను పాపక్కకు వచ్చింది. ఆవిడ విని, పెట్టేసి, మొగుడి వైపు తిరిగింది.

"నా ముఖం మీదే కిటికీ మూసేసినాడు, మీ అల్లుడు చూస్తా ఉండంగానే, అన్నాదయ్యా! ఇంక మా నాయన లేడు అనుకుంటాను, ఫోను కూడా చేయను అన్నాది. ఏం పని చేసి వస్తివి రా పాపిష్టోడా!"

"వాన పడతా ఉండె..." అన్నాడు వెంకటేశప్ప. ఆ నంబరుకు తిరిగి చేశాడు. ఎవరిదో టీకొట్టు ఫోనట, మోహనప్రియ ఎవరో తెలియదన్నారు.

ఆ ఆదివారం తెల్లచొక్కా తొడుక్కోలేదు. పొలం మట్టి చేతులతోనే మేడ ఎక్కి, ఆ డిస్కు మళ్లీ పెట్టమన్నాడు. చివరి సీను చూశాడు. ఈసారి తువ్వాలు ముఖాన వేసుకోలేదు. తండ్రి బొత్తాం పెట్టాడు, తిరిగాడు, వర్షంలో నడిచాడు. తండ్రి ముఖం, తండ్రి కళ్లు, తండ్రి చేతులు.

"ఆ బిడ్డ ముఖం యాడ సార్?"

"చూపించలేదప్పా" అన్నాడు బాలసుందరం.

"మరి ఆ బిడ్డకు తెలిసిందా, నాయన మనసులో ఏముండాదో?"

"ఏమో. తెలిసింది మనకే, వెంకటేశప్పా. మనకు కెమెరా చూపించింది. ఆ బిడ్డకు ఎవరు చూపించినారు?"

వెంకటేశప్ప సార్ వైపు తిరిగాడు. "ఈ మాట ఆ పొద్దే చెప్పుంటే ఏమి సార్?"

బాలసుందరం తల వంచుకున్నాడు. "అప్పుడూ నోటిదాకా వచ్చింది. అందరూ చప్పట్లు కొడతా ఉంటే, నువ్వే గెలిచినావని చెప్పేసినానప్పా."