ఎర్రచుక్క సారు

గచ్చిబౌలి ఆఫీసులో మా మేనేజర్‌ని తలుచుకుంటే నాకు ముఖం కన్నా ముందు ఎర్రచుక్క గుర్తొస్తుంది. చేతిలో ఎప్పుడూ లేజర్ పాయింటర్ ఉండేది. తెర మీద తప్పు కనబడితే దాని మీద చుక్క పెట్టేవాడు, తర్వాత ఆ తప్పు చేసినవాడి మీద పెట్టేవాడు. అప్పుడు వాడి పక్కనున్నవాళ్లం మెల్లగా కుర్చీలు జరుపుకునేవాళ్లం.

డిసెంబర్లో కూడా ఏసీ వేసుకునే ఆ మహానుభావుడు, ఏదో కొండ ఊళ్లో చలి కాచుకుని వచ్చి, తన విల్లా హాల్లో కట్టెలతో మండే ఇనప పొయ్యి పెట్టిస్తానన్నాడు. స్లాబుకు బొక్క కొట్టి పొగగొట్టం పైకి తియ్యాలి. ప్లానింగ్ అని శనివారం పూట మా టీములో నలుగురినీ ఇంటికి పిలిచాడు.

సీలింగ్ మీద చుక్క పెట్టి, “ఇక్కడే. సోఫాకి కరెక్ట్‌గా ఎదురుగా,” అన్నాడు. మేం ఫోన్లలో ఫొటోలు తీశాం.

నానక్‌రామ్‌గూడ నుంచి వచ్చిన మేస్త్రీ మాత్రం సుత్తి ముట్టలేదు. “జర మీదికి పోయి చూసొస్త సార్.”

“పైన ఏముంటుందయ్యా, ఆకాశమేగా!” అన్నాడు సారు. మేం నవ్వాం. జీతం కోసం నవ్వే నవ్వు.

మేస్త్రీ దిగొచ్చి చెప్పాడు: “మీ గుర్తు మీదనే నీళ్ల ట్యాంకున్నది సార్, నిండుగున్నది. ఈడ కొడ్తే అందరి నెత్తిమీద పడ్తది.”

విల్లా కొన్న మూడేళ్లలో ఒక్కసారీ తన డాబా ఎక్కని ఆ మనిషి, “ట్యాంకు అక్కడెవడు పెట్టమన్నాడు?” అని గదమాయించాడు. చుక్క సీలింగ్ దిగి మేస్త్రీ చొక్కా మీద ఆగింది.

ఆ ట్యాంకు పెట్టింది మేస్త్రీ కాదని మాకు తెలుసు. అయినా అలవాటు కొద్దీ మేం నలుగురం అతని పక్కనుంచి ఒక అడుగు జరిగాం.